అయిదు వందల కానుక వెనుక

సూరత్ నగరంలోని మహీధర్‌పురా వీధులలో పగటివేళ ఒక వింత సంత సాగుతూ వుంటుంది. మడతపెట్టిన తెల్లకాగితపు పొట్లాలలో వజ్రాలు చేతులు మారుతూ వుంటాయి. ఆ వర్తకులలో చాలామందికి దుకాణం లేదు. నిలిపివుంచిన స్కూటరు సీటే వారికి బల్ల. విలువైన సరుకును ఒక చిన్న చీటీ మీదనో, కేవలం నోటిమాట మీదనో అప్పగించి, అమ్మకమైన తరువాత సొమ్ము పుచ్చుకొనే ఆచారం అక్కడ చిరకాలంగా వున్నది. ఆ ధైర్యానికి ఆధారం ఒక్కటే: ఎదుటి మనిషి ముఖం తెలిసి వుండడం. మాట తప్పినవానికి ఆ వీధిలో మరల పొట్లం విప్పి చూపేవారుండరు.

అప్పు యివ్వడం సూరత్‌కు కొత్త విద్య కాదు. 17వ శతాబ్దంలో ఇక్కడి వర్తకుడు వీర్జీ వోరా ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీకే అప్పులిచ్చినవాడు. 1664 జనవరిలో శివాజీ సైన్యం నగరంపై పడినప్పుడు ఆయన యింటి సంపద కూడా దోపిడీకి గురైనది. అంతటివానికి కూడా ఆపద తప్పలేదు. కాని తన సొమ్ము ఎవరి చేతిలో వున్నదో ఆయనకు తెలుసు.

ఇదే నగరంలో లింబాయత్ వంటి పేటలలో వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడి వున్నాయి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాలనుండి మరమగ్గాల పనికై వలసవచ్చిన పద్మశాలీలు వీరిలో అధికం. పగలూ రాత్రీ సాంచెల మోతలో చెమటోడ్చి కూడబెట్టిన పైకం ఆడపిల్ల పెండ్లికో, ఊళ్లో యింటి కప్పుకో ఉద్దేశించినది. అటువంటి యింట ఒకనాడు చేతి ఫోనులో ఒక ప్రకటన మెరిసిందనుకుందాం: “మా వేదికలో చేరండి. సొమ్ము అప్పుగా యివ్వండి. నూటికి 12 రూపాయల వడ్డీ. చేరిన వెంటనే 500 రూపాయల క్యాష్‌బ్యాక్.” ఇంటి యజమాని వద్ద 50,000 రూపాయలు వున్నాయి. అతడేమి చేయాలి?

ముందుగా ఈ వ్యాపారపు స్వరూపం తెలుసుకోవాలి. దీనిని పీర్ టు పీర్ రుణమంటారు. అనగా ఒక వ్యక్తి మరొక వ్యక్తికి నేరుగా యిచ్చే అప్పు. నడుమనున్న సంస్థ బ్యాంకు కాదు. అది తన సొమ్ము అప్పు యివ్వదు; ఉభయులనూ కలిపి రుసుము పుచ్చుకుంటుంది. బ్యాంకులో దాచిన సొమ్ముకు 2020 ఫిబ్రవరి 4 నుండి ఒక్కొక్క బ్యాంకులో 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా వున్నది. ఈ అప్పులకు అటువంటి రక్షణ లేదు. తీసుకొన్నవాడు ఎగవేస్తే నష్టం యిచ్చినవానిదే.

ఇక లెక్క చూద్దాం. ఆ 50,000 రూపాయలను 50 మందికి తలా వేయి చొప్పున ఏడాదికి యిచ్చాడనుకుందాం. అందరూ అసలూ వడ్డీ చెల్లిస్తే 6,000 రూపాయలు లాభం. ముగ్గురు పూర్తిగా ఎగవేస్తే, మిగిలిన 47 మందినుండి 52,640 రూపాయలు వస్తాయి. లాభం 2,640కి దిగుతుంది. ఆరుగురు ఎగవేస్తే చేతికి వచ్చేది 49,280. అప్పుడు వడ్డీ మాట అటుంచి, అసలులోనే 720 రూపాయలు పోతాయి. కానుకగా వచ్చిన 500 కలుపుకొన్నా 220 నష్టమే. వేదిక రుసుము ఇందులో చేర్చలేదు. వడ్డీ ఆదాయంపై పన్ను మాటా వున్నది.

కానుకలోని మాయ యిక్కడే తెలుస్తుంది. అది చిన్నది, ఖాయమైనది, ఈ రోజే చేతికి వచ్చేది. ఎగవేత పెద్దది, అనిశ్చితమైనది, ఎన్నడో వచ్చేది. మనిషి మనస్సు మొదటిదాన్ని పెద్దదిగాను, రెండవదాన్ని చిన్నదిగాను చూస్తుంది. పైగా ఇటువంటి కానుకలకు షరతులుంటాయి: ఇంత సొమ్ము పెట్టాలి, ఇన్నాళ్లు వుంచాలి, మరికొందరిని చేర్చాలి. ఈ చివరి షరతే అన్నింటికంటె ఖరీదైనది. ఒకే ఊరినుండి వచ్చి, ఒకే వాడలో బ్రతికేవారి మధ్య బావమరదిని చేర్చి పుచ్చుకొన్న మూడు వందలు, అతని సొమ్ము మునిగిననాడు బంధుత్వానికే వెలగా మారుతుంది.

విదేశాల అనుభవం కూడా గమనింపదగినది. ఈ పద్ధతికి ఆద్యురాలైన జోపా సంస్థ 2005లో బ్రిటన్‌లో వెలిసి, 2021లో ఈ వ్యాపారాన్నే మూసివేసి బ్యాంకుగా నిలిచింది. చైనాలో ఎజుబావ్ అనే వేదిక సుమారు 9 లక్షల మందినుండి 5,000 కోట్ల యువాన్లు సేకరించి కుప్పకూలింది. దాని పథకాలలో అత్యధికం కల్పితాలని 2016లో అధికారులు వెల్లడించారు. ఒకప్పుడు వేల సంఖ్యలో వున్న అక్కడి వేదికలు 2020 చివరికి ఒక్కటీ మిగలలేదు.

మన రిజర్వు బ్యాంకు 2017 అక్టోబరు 4న ఈ వేదికలకు నిబంధనలు విధించింది. ఒకరు ఒకే రుణగ్రహీతకు 50,000 రూపాయలకు మించి యివ్వరాదు. గడువు 36 నెలలు దాటరాదు. అయినా కొన్ని వేదికలు దీనిని ఎప్పుడు కావలిస్తే అప్పుడు తీసుకోదగిన పొదుపు పథకంవలె ప్రచారం చేశాయి. 2024 ఆగస్టు 16న రిజర్వు బ్యాంకు ఆ ద్వారాన్ని మూసింది: ఖాయమైన రాబడి అని చెప్పరాదు, కోరగానే సొమ్ము తిరిగి వస్తుందని ఆశ పెట్టరాదు, రుణదాతలు భరించిన నష్టాలనూ మొండి బాకీలనూ ప్రకటించాలి.

కనుక విచక్షణగల గృహస్థు చూడవలసినవి కొన్ని వున్నాయి. ఆ సంస్థ రిజర్వు బ్యాంకు వద్ద నమోదైనదా? అది ప్రకటించిన మొండి బాకీలు ఎంత? పెట్టే సొమ్ము మూడేళ్లపాటు అక్కరలేనిదేనా? పూర్తిగా పోయినా యిల్లు గడుస్తుందా? పెండ్లికి దాచిన సొమ్మయితే ఈ చివరి ప్రశ్న వద్దనే ఆగిపోవడం మేలు. మిగులు సొమ్మయితే, అందులో కొద్దిభాగాన్ని పలువురికి పంచి యివ్వడం తప్పుకాదు.

వీటన్నిటికంటె ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి: “ఆ అయిదు వందలు యివ్వకపోయినా ఈ అప్పు యిచ్చేవాడినా?” కాదు అని మనస్సు చెబితే, ఆ కానుకను వదలుకోవడమే లాభం. మహీధర్‌పురా వర్తకుడు పొట్లం అప్పగించే ముందు చూసేది ఎదుటివాడు తినిపించే మిఠాయిని కాదు, అతని ముఖాన్ని.