దయ చాలదు, ద్వారం తెరవాలి

వికలాంగుల పట్ల మన సమాజంలో జాలికి కొరత లేదు. జుమా నమాజు ముగిశాక మస్జిద్ గుమ్మం వద్ద కూర్చున్న వారికి సదఖా ఇస్తాము. ఆ సోదరుడు గుమ్మం దాటి లోపలికి వచ్చి మన వరుసలో చేరగలడా అని మాత్రం ఆలోచించము.

వివక్ష స్వరూపాన్ని మన కృష్ణా డెల్టాకు చెందిన బొల్లా శ్రీకాంత్ జీవితం స్పష్టంగా చూపుతుంది. మచిలీపట్నం ప్రాంతంలోని వ్యవసాయ కుటుంబంలో ఆయన పుట్టు అంధునిగా జన్మించారు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినా, అంధుడన్న కారణంతో ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవడానికి అనుమతించలేదు. న్యాయస్థానం ద్వారా ఆయన ఆ హక్కును సాధించుకొని, 98 శాతం మార్కులతో ఉత్తీర్ణులయ్యారు. అనంతరం అమెరికాలోని ప్రసిద్ధ ఎం.ఐ.టి.లో చదివి, 2012లో హైదరాబాద్‌లో పరిశ్రమ స్థాపించి, వికలాంగులకు ఉపాధి కల్పించారు. ఆయనకు చూపు రాలేదు. మూసిన తలుపు తెరుచుకున్నది, అంతే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వోద్యోగాలలో కనీసం 4 శాతం, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం రిజర్వేషన్ కల్పించింది. మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలకు పెరిగింది. ఇవన్నీ అవసరమే. కానీ విజయవాడ కొండవాలు ఇళ్లలో నివసించే, నడవలేని వ్యక్తిని పింఛను ఒక్కటే మెట్లు దించి బడికో, పనికో చేర్చలేదు.

దైవప్రవక్త (స) మక్కాలో ఖురైష్ పెద్దలతో సంభాషిస్తుండగా, అంధుడైన హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) ధర్మజ్ఞానం కోరి వచ్చారు. ప్రవక్త (స) ఆయన వైపు శ్రద్ధ చూపనందుకు 'అబస' సూరా అవతరించింది. పెద్దల పలుకుబడి కన్నా ఆ అంధుని జ్ఞానతృష్ణ మిన్న అని అల్లాహ్ తెలియజేశాడు. తర్వాత మదీనాలో ఆయనకు అజాన్ బాధ్యత లభించింది. ప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్లినప్పుడు పలుమార్లు నగరంలో తమ ప్రతినిధిగా ఆయననే నియమించారు. అంధునికి అక్కడ దక్కినది భిక్ష కాదు, బాధ్యత.

కనుక మస్జిద్ కమిటీలు మెట్ల పక్కన వాలుదారి కట్టించాలి. కూర్చొని వుజూ చేసుకునే వసతి కల్పించాలి. బధిరులకు ఖుత్బా సారాంశం రాసి ఇవ్వాలి. తల్లిదండ్రులు వికలాంగ బిడ్డను, ముఖ్యంగా ఆడబిడ్డను, పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో అతిథుల కంట పడకుండా దాచకూడదు. తోబుట్టువులతో సమానంగా చదివించాలి. కమిటీలలో, సలహా సమావేశాలలో వారికీ స్థానం ఉండాలి.

అల్లాహ్ మనిషి రూపాన్ని కాదు, హృదయాన్ని, ఆచరణను చూస్తాడని మనం విశ్వసిస్తాము. ఆ విశ్వాసం మన గుమ్మాలలోనూ కనిపించాలి.