బోరు నీరు, ఫ్లోరైడ్, మన ఆహారం

దప్పికగొన్నవారికి నీరివ్వడం గొప్ప సదఖా. అందుకే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో దాతలు మస్జిదుల వద్ద, మదర్సాల వద్ద, పేదల వాడల్లో బోర్లు వేయిస్తుంటారు. ఆ నీరు ఎన్నాళ్లు పారితే అన్నాళ్లు సవాబు చేరే సదఖా-ఎ-జారియా అది. అయితే ఆ నీటిలో ఏముందో, దాన్ని తాగేవారి పళ్లెంలో ఏముందో కూడా చూడాలన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన మాట.

పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్‌లలో గొట్టపు బావుల నీటితో ఆర్సెనిక్ అనే విషం ఒంట్లోకి చేరుతోంది. మన రాయలసీమ రాతి నేలల్లో ఎక్కువగా భయపడాల్సింది ఫ్లోరైడ్‌కు. గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి అది భూగర్భ జలంలో కరుగుతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట గుర్తించింది కూడా మన తెలుగు నేల మీదే. 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాముకు మించకూడదు. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. అది దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లపై గోధుమరంగు మచ్చలు వస్తాయి, పెద్దల కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి. నీరు చూడటానికి తేటగానే ఉంటుంది, రుచిలోనూ తేడా తెలియదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

ఒకే బోరు నీరు తాగినా అందరికీ ఒకేలా హాని జరగదు. ఇక్కడే ఆహారం పాత్ర ఉంది. తిన్నదానిలో కాల్షియం ఉంటే అది పేగుల్లో ఫ్లోరైడ్‌తో కలిసి, సులభంగా కరగని పదార్థంగా మారి, కొంత విసర్జనతో బయటకు పోతుంది. కాల్షియం కరువైన ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుంది. అంటే పాలు, ఆకుకూరలు కొనలేని ఇంటికే దెబ్బ ఎక్కువ. ఆర్సెనిక్ సంగతీ అలాంటిదే. బంగ్లాదేశ్‌లో ఫోలేట్ లోపం ఉన్నవారికి 12 వారాలు ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తంలో ఆర్సెనిక్ సుమారు 14 శాతం తగ్గిందని 2007లో ప్రకటించారు. ఫోలేట్ అంటే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే పోషకమే.

మనకు కావలసినవి మన వంటింటికి కొత్తవి కావు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. రాగిసంగటి తిని పెరిగిన సీమ మనది. పుంగనూరు పొట్టి ఆవుకు పేరున్న గడ్డ మీద పిల్లలకు రోజూ కాస్త పాలో, మజ్జిగో అందాలి. చింతపండు కూడా మేలే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బాలురకు రోజూ 10 గ్రాముల చొప్పున 18 రోజులు ఇచ్చి చూస్తే, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోయిందని 2002లో తెలిపారు. మన ఖట్టాకు, పులుసుకు ఇదొక బలం. సి విటమిన్ ఉన్న జామ, ఉసిరి, మదనపల్లె టమాటా కూడా పళ్లెంలో ఉండాలి. తేయాకులో, నల్ల ఉప్పులో ఫ్లోరైడ్ ఉంటుంది కనుక పిల్లలకు టీ అలవాటు చేయకూడదు.

ఒక సంగతి మరువరాదు. చాలా ఇళ్లలో తాగడానికి క్యాను నీరు కొని, వంటకు బోరు నీరే వాడతారు. అన్నం, పప్పు, సంగటి ఆ నీటిని పీల్చుకుంటాయి. వంటకూ మంచినీరే కావాలి. ఆహారం రక్షణలో సగమే. మంచి నీటికి అది బదులు కాదు, వ్యాధి ముదిరినవారికి మందూ కాదు.

కనుక దాతలకు మా మనవి మూడు మాటలు. బోరు వేయించినప్పుడు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఫలితాన్ని బోరు దగ్గర రాయించండి. ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే ఆ బోరును స్నానానికి, బట్టలకు ఉంచి, తాగడానికీ వంటకూ ఆర్వో నీటి ఏర్పాటుకు చేయి కలపండి. రంజాన్ రేషన్ కిట్లో బియ్యం, సేమియా, ఖర్జూరాలతో పాటు రెండు కిలోల రాగిపిండి, అరకిలో చింతపండు చేర్చండి. టీ పొడి పొట్లం తగ్గినా ఫరవాలేదు.

ఇచ్చిన నీరు తాగినవారి ఎముకకు బలమైనప్పుడే ఆ దానం నిండుతుంది. అల్లాహ్ మీ సదఖాలను స్వీకరించుగాక, ఆమీన్.