మొరాయించిన గడ్డిబండి

కిందటి మే నెలలో కాలేజీకి సెలవులివ్వగానే అమెరికాలో ఓహాయో రాష్ట్రంలో ఉంటున్న మా తమ్ముడింటికి వెళ్ళాను. వాడి ఇంటికి అరెకరం దొడ్డి ఉంది. దొడ్డి అనగానే కాకరపాదూ కరివేపాకు చెట్టూ అనుకునేరు! అంతా వట్టి గడ్డి. అదైనా పశువులు మేసేందుకు కాదు, కంటికింపుగా ఉండేందుకు. వేసవి వచ్చిందంటే వారం వారం దాన్ని కొయ్యాలి. కొయ్యకపోతే ఇరుగుపొరుగుల మాట అలా ఉంచి, అక్కడ చాలా ఊళ్ళలో గడ్డి ఎనిమిది పది అంగుళాలు దాటితే ఊరి పాలకవర్గం వారు నోటీసు పంపిస్తారు.

గడ్డి కోతకు వాడి దగ్గరొక బుల్లి ట్రాక్టరుంది. ముందు ఇంజను, వెనక సీటు, పొట్ట కింద పెద్ద పళ్ళెం బోర్లించినట్లు రేకుమూత, దాని లోపల గిరగిర తిరిగే కత్తులు. అక్టోబరులో కారు షెడ్డులో పెట్టిన ఆ బండిని నేను వెళ్ళిన మర్నాడు బయటికి తోసి, సీటెక్కి, తాళంచెవి తిప్పాడు మా వాడు. "టిక్" మంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ "టిక్". అంతే!

"ఇంజను పోయిందన్నయ్యా!" అన్నాడు నీరుగారిపోయి. మెకానిక్కుకు ఫోను చేస్తే రెండు వారాల దాకా తీరదన్నాడట. గడ్డి చూస్తే అప్పటికే చీలమండ దాటింది.

నేను తెలుగు మేష్టర్ని. యంత్రాల సంగతి నాకేం తెలుసు? కాని పద్యం చదవగానే తాత్పర్యం చెప్పబోయే కుర్రాళ్ళను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. ముందు పదాలు విడదియ్యవోయ్ అంటాను. "ఇంజను పోయింది" అన్నది తాత్పర్యం. పదచ్ఛేదం ఎక్కడ? బండితో వచ్చిన పుస్తకం వంటింటి సొరుగులో, అట్ట కూడా నలగకుండా దొరికింది. చదవడం నా వృత్తి కనుక కూర్చుని చదివాను.

అందులో తేలిన మొదటి సంగతి: తాళం తిప్పినప్పుడు ఏం వినిపించిందో చెవి పెట్టి వినాలి. టిక్కుటిక్కుమని ఊరుకుంటే మొదట అనుమానించవలసింది బ్యాటరీని, దాని తీగెల బిగింపును. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజూ, కాపుదల స్విచ్చులూ చూడాలి. ఇంజను గిర్రున తిరిగి కూడా అంటుకోకపోతే పెట్రోలో, నిప్పురవ్వో, గాలో అందడం లేదన్నమాట. మూడు చప్పుళ్ళు, మూడు రోగాలు.

మాది టిక్కు రోగం. బ్యాటరీ మూత తీస్తే కొనల మీద ఉప్పు పూసినట్లు తెల్లని బూజు. మీటరు పెడితే 11.8 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 చూపించాలి. తాళంచెవి తీసేసి, ముందు నల్ల తీగె, తరవాత ఎర్ర తీగె విప్పాం. మరదలు వంటసోడా నీళ్ళలో కలిపి ఇచ్చింది. పాత పళ్ళబ్రష్షుతో బూజంతా కడిగి, ఆరబెట్టి, ఈసారి ఎర్రది ముందుగా బిగించాం. బ్యాటరీకి విద్యుత్తు ఎక్కేటప్పుడు మండే వాయువు పుడుతుందట. అందుకని నిప్పు దగ్గరికి రాకుండా, గాలి తగిలేచోట రాత్రంతా ఛార్జింగు పెట్టాం.

తెల్లవారింది. మీటరు 12.7 చూపించింది. తమ్ముడు హుషారుగా తాళం తిప్పాడు. ఈసారి టిక్కు కూడా లేదు!

వాడి స్నేహితుడొకాయన ఫోనులో సలహా చెప్పాడు. "ఆ కాపుదల స్విచ్చులన్నీ దండగ. తీగెలు రెండూ కలిపేసెయ్, చచ్చినట్టు తిరుగుతుంది." తమ్ముడు అప్పుడే శ్రావణం పట్టుకున్నాడు. వాడి అయిదేళ్ళ కొడుకు బండి చుట్టూ చక్కర్లు కొడుతున్నాడు.

"ఆగరా. ఆ స్విచ్చులు ఎందుకు పెట్టారో చదవనియ్యి," అన్నాను.

సీటులో మనిషి ఉండాలి. బ్రేకు తొక్కి ఉండాలి. కత్తుల మీట దింపి ఉండాలి. వీటిలో ఒక్కటి తప్పినా బండి కదలననాలనే వాటిని అమర్చారు. కత్తులు తిరుగుతుండగా తోలేవాడు సీటులోంచి జారితే ఇంజనును ఆపేదీ ఆ సీటు కింది స్విచ్చే. అన్నీ వరసగా చూసుకున్నాం. కత్తుల మీట పైకి లాగి ఉంది!

"ఎవరు లాగారు?" అన్నాడు తమ్ముడు.

"నేనే నాన్నా! నిన్న సాయంత్రం బండి తోలాను," అన్నాడు పిల్లవాడు గర్వంగా.

తమ్ముడు శ్రావణం కింద పెట్టేశాడు. ఆ తీగెలు కలిపి ఉంటే ఇంజనుతోపాటు కత్తులూ తిరిగేవి. పిల్లవాడు చక్రం పక్కనే ఉన్నాడు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

మీట దించాం. పిల్లవాణ్ణి వాళ్ళమ్మకు అప్పగించాం. తాళం తిప్పితే ఇంజను బాగానే తిరిగింది కాని అంటుకోలేదు. ఇది మూడో రోగం. ట్యాంకులో ఉన్నది కిందటి అక్టోబరు పెట్రోలు! నెల దాటితే పెట్రోలు చెడడం మొదలవుతుంది. అమెరికాలో అమ్మే పెట్రోలులో సాధారణంగా పదోవంతు దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీలుస్తుంది. చెడిన పెట్రోలు జిగురై కార్బురేటరులోని సన్నని రంధ్రాలను పూడ్చేస్తుంది. పాతది చేతిపంపుతో డబ్బాలోకి తోడాం. దాన్ని కాలవలో పొయ్యకూడదు, అలాటివి తీసుకునే చోట అప్పగించాలి. కొత్తది పోసి, చోకు లాగి తిప్పితే నాలుగోసారికి దగ్గి, పొగ కక్కి, అందుకుంది. అప్పటికీ అందుకోకపోతే గాలి వడపోత దులపడం, స్పార్కుప్లగ్గు మసి తుడవడం మిగిలేవి. ఏం చేసినా బండిని ఆరుబయటే నడపాలి. మూసిన షెడ్డులో ఆ పొగ ప్రాణం తీస్తుంది.

మధ్యాహ్నానికి దొడ్డి నున్నగా తయారైంది. మొత్తం మీద ఖర్చయినది చారెడు వంటసోడా, ఒక డబ్బా పెట్రోలూనూ. శీతకాలం ముందు ట్యాంకు ఖాళీ చెయ్యాలనీ, లేదా పెట్రోలు నిలవుండే మందు కలపాలనీ, బ్యాటరీని విప్పి ఇంట్లో పెట్టుకోవాలనీ తమ్ముడు ఒక కాగితం మీద రాసి షెడ్డు గోడకు అంటించాడు.

తరవాత స్టూలెక్కి, తన తలకన్న ఎత్తున ఒక మేకు కొట్టి, తాళంచెవి దానికి తగిలించాడు.