ఆరో నెలా? ఆరు నెలలు నిండాకా?



చంటిబిడ్డకు అన్నం ముట్టించేది ఎప్పుడు? ఇంట్లో అవ్వను అడిగితే "ఆరో నెలలో" అంటుంది. ఆసుపత్రిలో డాక్టరుగారిని అడిగితే "ఆరు నెలలకు" అంటారు. వినడానికి రెండూ ఒకే మాటలా ఉన్నాయి. లెక్క వేసి చూస్తే మాత్రం మధ్యలో ఒక నెల తేడా వస్తుంది. బిడ్డకు ఐదు నెలలు నిండగానే ఆరో నెల మొదలవుతుంది. డాక్టరుగారు చెప్పేది ఆరు నెలలు నిండడం, అంటే సుమారు 180 రోజులు పూర్తికావడం. పసివాళ్ళ విషయంలో ఆ నెల రోజులూ చిన్నవి కావు. ఈ వేళ ఆ సంగతే చెప్పుకుందాం.

ముందుగా, ఆరు నెలలు ఎందుకు ఆగాలి? అంతవరకు బిడ్డకు కావలసిన తిండీ, నీరూ తల్లిపాలలోనే ఉన్నాయి. ఎండాకాలమైనా వేరే నీళ్ళు పట్టనక్కరలేదు. తొందరపడి ఏది పట్టినా, ఆ మేరకు పాలు తాగడం తగ్గుతుంది. నీళ్ళతో, గిన్నెతో, చేతులతో క్రిములు కడుపులోకి చేరి విరేచనాలు పట్టుకునే ప్రమాదం పెరుగుతుంది.

మరి ఆరు నెలలు దాటాక ఎందుకు ఆగకూడదు? బిడ్డ పెరుగుదలకు పాలు ఒక్కటే చాలవు కనుక. తల్లి కడుపులో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి నెలల్లో, బిడ్డ ఒంట్లో ఇనుము నిలవ చేరుతుంది. ఆరు నెలల నాటికి ఆ నిలవ చాలావరకు ఖర్చయిపోతుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ. ఇక అది తిండి ద్వారానే రావాలి. రాకపోతే రక్తహీనత వస్తుంది, ఎదుగుదల కుంటుపడుతుంది.

మన దేశంలో తొందరపడేవారూ ఉన్నారు, ఆలస్యం చేసేవారూ ఉన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నుంచి ఎనిమిది నెలల వయసు పిల్లల్లో తల్లిపాలతోపాటు మెత్తని ఆహారమో, గట్టి ఆహారమో అందుతున్నవారు నూటికి 46 మందే. మిగిలినవారిలో చాలామంది "ఇంకా పళ్ళు రాలేదుగా" అన్న మాట మీద ఆగిపోయినవారే అయివుండవచ్చు. పళ్ళు రానక్కరలేదు. మెత్తని ముద్దకు చిగుళ్ళు చాలు.

"మా కాలంలో నాలుగో నెలకే పెట్టేవాళ్ళం" అనే పెద్దలు అబద్ధం చెప్పడం లేదు. అప్పట్లో డాక్టర్లు కూడా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అని చెప్పేవారు. 2001లో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని తీర్మానించింది. శిశు ఆహార డబ్బాల అమ్మకంపై మన దేశం 1992లో చేసిన చట్టంలో "నాలుగు నెలలు" అని ఉండేది. 2003లో దాన్ని "ఆరు నెలలు" అని సవరించారు. పెద్దల మాట కాదన్నామన్న సంకోచం లేకుండా, లెక్క మారిందని వారికి నెమ్మదిగా చెప్పవచ్చు.

తేదీ ఒక్కటే చూస్తే చాలా? బడిలో చేర్చుకోవడానికి వయసు నిండిందో లేదో చూస్తాం. అయినా పిల్లవాడు పలక పట్టుకోగలడా అని కూడా గమనిస్తాం కదా. ఇదీ అంతే. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుకునే మనకు బిడ్డ ఒంటిని చూసి తెలుసుకోవడం కొత్త కాదు. చూడవలసినవి మూడు. ఒకటి, బిడ్డ మెడ గట్టిగా నిలవాలి, కాస్త ఆసరా ఇస్తే కూర్చోగలగాలి. రెండు, కనిపించిన వస్తువు వైపు చెయ్యి చాచి, పట్టుకుని, తిన్నగా నోటికి తెచ్చుకోవాలి. మూడు, నోట్లో పెట్టిన మెత్తని ముద్దను నాలుకతో బయటికి తోసెయ్యకుండా మింగగలగాలి. ఈ మూడూ చాలామంది పిల్లల్లో ఆరు నెలలు నిండే సమయానికే కలిసి వస్తాయి.

ఇక మోసపుచ్చే గుర్తులు కూడా మూడున్నాయి. పిడికిలి చప్పరించడం, రాత్రి మాటిమాటికి లేవడం, పాలు ఎక్కువగా అడగడం. ఇవి మూడు, నాలుగు నెలల పిల్లల్లోనూ కనిపిస్తాయి. వీటిని చూసి అన్నానికి తొందరపడవద్దు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. ఆరు నెలలు నిండినా మెడ నిలవకపోతే వెంటనే చూపించాలి.

ఇప్పుడు అన్నప్రాశన మాట. మగపిల్లలకు ఆరు, ఎనిమిది వంటి సరి నెలల్లో, ఆడపిల్లలకు ఐదు, ఏడు వంటి బేసి నెలల్లో చేయడం మన ఆనవాయితీ. ఆడపిల్లకు ఐదో నెల అంటే నాలుగు నెలలే నిండివుంటాయి. ఏడో నెలలో పెట్టుకుంటే ఆచారమూ నిలుస్తుంది, ఆరు నెలలూ నిండుతాయి. మగపిల్లవాడికి ఆరో నెల కాస్త ముందవుతుంది, ఎనిమిదో నెల ఆలస్యమవుతుంది. పండగ ఎనిమిదో నెలలో పెట్టుకున్నా, 180 రోజులు నిండగానే ఇంట్లో ముద్ద మొదలుపెట్టండి. వేడుకకు ముహూర్తం కోసం ఆగవచ్చు, బిడ్డ ఆకలి ఆగదు. మరో మాట. పండగ రోజు పాయసం నాకించి, మళ్ళీ నెలల తరబడి పాలతోనే సరిపెట్టడం కూడా పొరపాటే.

మరి ఏం పెట్టాలి? మన బెంగళూరులో ఉన్నవారికి కన్నడవారి రాగి సరి తెలియనిది కాదు. రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి, మొలకలు నలిపి తీసేసి, పిండి పట్టించి, పలుచని గుడ్డలో జల్లిస్తారు. ఇందులో మంచి కిటుకు ఉంది. మొలకెత్తిన గింజలోని ఒక పదార్థం పిండిని విడగొడుతుంది. అందువల్ల ఎక్కువ పిండి వేసినా జావ మరీ గట్టిపడదు. బిడ్డ చిన్న కడుపులోకి ఒక్కో చెంచాతో ఎక్కువ బలం వెళుతుంది. నీళ్ళలాంటి జావ మాత్రం కాచవద్దు. చెంచా వంచితే కారిపోకుండా, మెల్లగా జారాలి.

రాగి ఒక్కటే చాలదు. అందులోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. మెత్తగా ఉడికిన అన్నం, పప్పు, ఆకుకూర, గుమ్మడి, అరటిపండు ఒక్కొక్కటే అలవాటు చెయ్యండి. తినే ఇంట్లో గుడ్డు, మెత్తగా ఉడికించి చిదిమిన మాంసం, చేప కూడా పెట్టవచ్చు.

మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడుసార్లు. తొమ్మిది నెలలకు అరకప్పు చొప్పున మూడు నాలుగుసార్లు. తల్లిపాలు రెండేళ్ళవరకు, ఆ తర్వాత కూడా కొనసాగించవచ్చు. ఏడాది లోపు తేనె నాకించవద్దు, అందులో ప్రాణాంతకమైన క్రిమి బీజాలు ఉండవచ్చు. ఉప్పు, చక్కెర అవసరం లేదు. వేరుశనగ పలుకులు, ద్రాక్షపళ్ళు గింజలు గింజలుగా ఇస్తే గొంతుకు అడ్డం పడతాయి. చేతులు సబ్బుతో కడుక్కోవడం, అప్పటికప్పుడు వండి పెట్టడం మరువవద్దు.

బిడ్డ ముఖం తిప్పుకుంటే కడుపు నిండిందని అర్థం, బలవంతం చెయ్యకండి. ఒకరోజు ఉమ్మిన ముద్దను నాలుగు రోజులు పోయాక ఇష్టంగా తినవచ్చు, మళ్ళీ పెట్టి చూడండి.

ఇవాళే ఇంట్లో కాలెండరు తీసి, బిడ్డ పుట్టిన తేదీ నుంచి ఆరు నెలలు లెక్కపెట్టి, ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టండి. అవ్వకూ చూపించండి. ఆ రోజు దగ్గరపడే కొద్దీ మీ కళ్ళు కాలెండరు మీద కంటే బిడ్డ మీద ఎక్కువగా ఉండాలి.