కోడిపిల్ల కుడికన్ను, ఎడమకన్ను

గడివేముల వంటి గ్రామములలో పెరటి కోడిపిల్లకు ఎల్లవేళల రెండు పనులు. రాళ్లనడుమ గింజ నేరుకొనవలెను. మింట తిరుగు గద్దను కనిపెట్టియుండవలెను. మొదటిదానియందు ఏమరినచో ఆకలి. రెండవదానియందు ఏమరినచో ప్రాణహాని. ఇంత చిన్న తలలో ఈ రెండును ఒక్కమారుగ ఎట్లు సాగుచున్నవి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞురాలు లెస్లీ రోజర్స్ కృషిని మా శ్రోతలకు పరిచయము చేయుచున్నాము.

మెదడు కుడి, ఎడమ అను రెండు అర్ధభాగములుగ నుండును. మాటలాడు శక్తికి ఎడమ భాగమే ఆధారమని 1865లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా ప్రకటించెను. అటుపిమ్మట ఇట్టి విభజన మానవునికే ప్రత్యేకమని పెక్కురు పండితులు చిరకాలము నమ్మిరి. 1970వ దశకమున ఫెర్నాండో నాటెబామ్ పాడు పక్షులలో ఎడమవైపు ప్రాధాన్యమును చూపగా ఆ నమ్మకము సడలెను.

ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేసి స్వదేశము చేరిన రోజర్స్, 1979లో ఒక ప్రయోగమును వెల్లడించిరి. మాంసకృత్తుల తయారీని అడ్డగించు మందును కొన్ని కోడిపిల్లల ఎడమ మెదడునకు, కొన్నింటి కుడి మెదడునకు ఎక్కించిరి. కుడివైపు మందు పడినవి గింజను రాతినుండి వేరుచేయ నేర్చినవి. ఎడమవైపు పడినవి నేర్వలేకపోయినవి. పక్షులలో ఒక కంటి నరములు దాదాపు అన్నియు ఎదుటి వైపు మెదడునకే పోవును. కావున గింజ నేరునది కుడికన్ను. శత్రువును కనిపెట్టుటలో ముందుండునది ఎడమకన్ను.

ఈ భేదము పుట్టుకతోనే సిద్ధమైనదా? 1982లో రోజర్స్ ఇచ్చిన సమాధానము ఆశ్చర్యకరము. గుడ్డులో పిల్ల చివరి దినములలో మెడ వంచుకొని యుండుటచే ఎడమకన్ను దేహమునకు ఆనుకొని మూతపడును. కుడికన్ను పెంకువైపు నుండును. పెంకుగుండ వచ్చు వెలుతురు కుడికంటికే సోకును. తరువాత ఆమె కుడికంటిని కప్పి ఎడమకంటికి వెలుతురు సోకనీయగా ఆ చూపు భేదము తారుమారైనది! వంశపారంపర్యము తల వంచు తీరును నిర్ణయింపగా, మిగిలిన పని వెలుతురుది.

2004లో సహచరులతో కలిసి ఆమె మరియొక పరీక్ష చేసిరి. గింజ లేరుకొనుచున్న పిల్లలపై డేగ ఆకారపు బొమ్మను ఆడించిరి. గుడ్డులో వెలుతురు చూచిన పిల్లలు రెండు పనులను చక్కగ నెరవేర్చినవి. చీకటిలో పొదిగినవి తడబడినవి.

పెద్ద హేచరీలలో గుడ్లను సాధారణముగ చీకటిలోనే పొదిగింతురు. పెరటిలోని పొదుగుపెట్ట మాత్రము మేతకై కొంతసేపు గుడ్లను విడిచి లేచును. ఆ కాస్త వెలుతురే గద్దను కనిపెట్టుచు గింజ నేరుకొను నేర్పును పిల్లకు పెంకులోనే అలవరచుచున్నది.