జెండా గుడ్డ ఏ మగ్గము మీదిది?

కామాటిపురా గల్లీలలోను, వర్లీ, లోయర్ పరేల్ చాళ్ళలోను ప్రతి సంవత్సరము ఆగస్టు 15వ తేదీన మనవారు జెండా ఎగురవేయుచునే యున్నారు. 2022లో స్వాతంత్ర్యము వచ్చి 75 సంవత్సరములు నిండినవి. ఆ సంవత్సరము జరిగిన పండుగ మునుపటి వాటి వంటిది కాదు. దానితోబాటు జెండా గుడ్డను గురించిన నిబంధనయే మారినది. గుడ్డ మాట వచ్చినప్పుడు నేతవారమైన మనము ఊరకుండజాలము. అందుచేత ఆ మార్పు ఏమిటో, మన వృత్తికి దానితో గల సంబంధమేమిటో మన కుటుంబముల వారికి వివరింపదలచినాము.

ముందుగా ఆ పండుగ సంగతి. కేంద్ర ప్రభుత్వము 2022 ఆగస్టు 13 నుండి 15 వరకు ఇంటింటా జెండా కట్టవలెనని దేశ ప్రజలను కోరినది. మహారాష్ట్ర ప్రభుత్వము ఆగస్టు 9 నుండి 17 వరకు 'స్వరాజ్య మహోత్సవము' జరిపినది. 17వ తేదీ ఉదయము 11 గంటలకు రాష్ట్రమంతట ఒకేసారి జాతీయ గీతము పాడించినారు. మన స్వస్థలమైన తెలంగాణలో 8 నుండి 22 వరకు 'స్వతంత్ర భారత వజ్రోత్సవములు' జరిగినవి. అక్కడ 16వ తేదీన సామూహిక గీతాలాపన జరిగినది. శ్రావణ పౌర్ణమి కూడ ఆ వారములోనే వచ్చినది. మార్కండేయ మహర్షికి పూజ చేసి జంధ్యములు మార్చుకొన్న ఇండ్లలో మరునాటికే జెండాలు కట్టుకొన్నారు.

ఇక జెండా గుడ్డ సంగతి. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి చూపిన జెండా నమూనాలో రాట్నము ఉన్నది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ నేటి జెండాను ఆమోదించినప్పుడు రాట్నము స్థానములో 24 ఆకుల చక్రము వచ్చినది. చిహ్నము మారినను గుడ్డ మాత్రము రాట్నపు నూలుదే కావలెనన్న నియమము నిలిచినది. జెండా తయారీకి 1951లో ప్రమాణములు ఏర్పరచి, 1968లో వాటిని సవరించినారు. వాటి ప్రకారము జెండాకు రెండు రకముల ఖాదీ కావలెను. మూడు రంగుల భాగమునకు బంటింగ్ అను పలుచని నేత. తాడు దూర్చు పట్టీకి డక్ అను దళసరి నేత. హుబ్బళ్ళి దగ్గర బెంగేరిలోని కర్ణాటక ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘము ఈ పనికి పేరు పొందినది.

2021 డిసెంబరు 30న కేంద్ర ప్రభుత్వము ఈ నియమమును సవరించినది. చేతితో వడికి చేతితో నేసిన గుడ్డతోబాటు యంత్రముపై చేసినది కూడ చెల్లును. నూలు, ఉన్ని, పట్టు, ఖాదీలతోబాటు పాలియెస్టరు కూడ చెల్లును. దీనికి కారణము తెలియనిది కాదు. 20 కోట్లకు పైగా ఇండ్లపై జెండా ఎగురవలెనన్నచో కొద్ది నెలలలో అంత ఖాదీ వడికి నేయుట సాధ్యము కాదు. ధర సంగతి కూడ ఉన్నది. ఆ సంవత్సరము తపాలా కార్యాలయములలో 20 అంగుళములకు 30 అంగుళముల జెండా 25 రూపాయలకే అమ్మినారు. ఆ ధరకు ఖాదీ జెండా గిట్టదు.

ఈ మార్పుతో కూలి ఎవరి చేతికి పోవుచున్నదో గమనింపవలెను. ఖాదీ జెండాలో ముందు వడుకువారికి, తరువాత నేతగానికి, అటుపై అద్దకము వారికి, చక్రము అచ్చువేయువారికి, కుట్టువారికి పని దొరకును. పాలియెస్టరు జెండాలో పోగు కార్ఖానానుండి తయారై వచ్చును. మరమగ్గము మీద తెల్లగుడ్డ నేసి పంపినచో, మూడు రంగులు, చక్రము యంత్రము మీదనే అచ్చుపడును. నేతగానికి దక్కునది మీటరు కూలి మాత్రమే. ధరలో పెద్ద భాగము పోగు చేసిన వానికి, అచ్చువేసిన వానికి పోవును.

ఐనను దీనిని ఖాదీవారికి మరమగ్గము వారికి మధ్య తగవుగా చూచుట తగదు. ఆ సవరణను వాపసు తీసుకొనవలెనని 2022లో బెంగేరి వారు కోరినారు. వారి కష్టము న్యాయమైనది. అదే సమయమున తెలంగాణ ప్రభుత్వము ఇంటింటికి ఉచితముగా పంచుటకు 1 కోటి 20 లక్షల జెండాలు తలపెట్టగా, సిరిసిల్ల మరమగ్గములకు పని దొరికినది. సిరిసిల్ల వారు మన బంధువులే.

మన చరిత్ర చూచినను ఇదే తెలియును. నిజాం రాజ్యమునుండి కూలికి వచ్చిన కామాటీల పేరనే కామాటిపురా ఏర్పడినది. దానికి దగ్గరలోని తార్‌దేవ్‌లో 1850ల నాడు బొంబాయి మొదటి నూలు మిల్లు వెలసినది. ఊళ్ళలో చేమగ్గము కూడు పెట్టనప్పుడు మన పెద్దలు మిల్లు మగ్గము పట్టినారు. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడగా, ఎందరో భివండి మరమగ్గములకు పోయినారు. మగ్గము మారినను చేయి నేతగానిదే.

కావున మనము కోరవలసినవి మూడు. మొదటిది: జెండా గుడ్డ ఆర్డరు జూలైలో కాక సంవత్సరారంభముననే సహకార సంఘములకు ఇవ్వవలెను. జూలైలో వచ్చిన ఆర్డరుకు రాత్రింబగళ్ళు నేసి, ఆగస్టు దాటగనే ఖాళీగా కూర్చుండుట నేతగానికి బ్రతుకు కాదు. 2017లో మొదలైన బతుకమ్మ చీరెల పనిలో సిరిసిల్లకు మేలు జరిగినది, ముందుగా తెలిసిన పెద్ద ఆర్డరు నెలల తరబడి మగ్గమును ఆడించుటచేతనే. రెండవది: ప్రభుత్వ కార్యాలయములపై ఎగురు జెండాలన్నియు ఖాదీవే కొనవలెను. మూడవది మన చేతిలోనే యున్నది. ఒక్కొక్క చాలు కమిటీ ఇంటికింత చందా వేసి, వాకిట కట్టు పెద్ద జెండానైన ఖాదీది తెప్పించవలెను. జాగ్రత్తగా దాచినచో అది కొన్ని సంవత్సరములు వచ్చును.

చాళ్ళలో జెండా కట్టువారు ఈ క్రింది నియమములు గుర్తుంచుకొనవలెను:

1. పొడవు వెడల్పులు 3:2 పాళ్ళలో ఉండవలెను. కాషాయము పైకి రావలెను.

2. 2022 జూలై సవరణ ప్రకారము ఇంటిపై జెండాను పగలు రాత్రి కూడ ఎగురనీయవచ్చును.

3. సంఘపు జెండాను గాని, పార్టీ జెండాను గాని అదే కర్రకు కట్టరాదు. దానికంటె ఎత్తున ఉంచరాదు.

4. జెండాపై ఏమియు వ్రాయరాదు. నేలకు తగులనీయరాదు. గ్యాలరీలో బట్టలారవేయు తాళ్ళమీద వేయరాదు.

5. చినిగినది, వెలిసినది కట్టరాదు. అట్టి దానిని చెత్తకుండీలో వేయక, మరుగున గౌరవముతో పూర్తిగా దహనము చేయవలెను.

6. పండుగ కాగానే బాగున్న జెండాను మడచి పెట్టెలో దాచవలెను.

వచ్చే ఆగస్టుకు జెండా కావలసిన చాలు కమిటీలు ఉగాదికి ముందే చందాలు పోగుచేసి, ఎన్ని కావలెనో, ఏ కొలతవి కావలెనో నిర్ణయించుకొన్నచో మేలు. ఆ ఆర్డరు ఏదో ఒక మగ్గము మీద కొన్నాళ్ళ పనియగును.