కాలువ చివరి మడి: విజ్ఞానశాస్త్ర శాఖలలో స్త్రీల అభ్యున్నతి

పాలమూరు సీమ రైతునకు నీటిలెక్క యెట్టిదో యొకరు నేర్పనక్కరలేదు. తుంగభద్రపై రాజోలిబండ ఆనకట్టనుండి తెలంగాణపు భాగమునకు 15.9 టి.ఎం.సి.ల నీరు, 87,500 ఎకరముల ఆయకట్టు అని కాగితముపై వ్రాసియున్నది. ఆనకట్టకడ నీరు వదలినంత మాత్రమున అలంపురము వైపు చివరి మడులు తడియలేదు. తడియకపోవుటచేతనే 2018లో తుమ్మిళ్ల యెత్తిపోతల కట్టవలసి వచ్చినది. వదలిన నీటిని గాక పాఱిన నీటిని లెక్కింపవలెనని గద్వాల రైతు యెఱుగును. ఈ యెఱుక మన ప్రభుత్వములకును విశ్వవిద్యాలయములకును వేఱొక విషయమున లేకపోవుట మాకు చింత కలిగించుచున్నది.

విశ్వవిద్యాలయముల విజ్ఞానశాస్త్ర శాఖలలో స్త్రీలు అధ్యాపకులుగా నిలిచి, ప్రొఫెసరులై పైకి వచ్చుటకని ఇరువదియేండ్లకు పైగా పథకములు వెడలుచున్నవి. కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర, సాంకేతిక శాఖవారు 2002-03లో మహిళా శాస్త్రజ్ఞుల పథకమును ఆరంభించిరి. సంసారకారణముచేత పరిశోధన మానిన స్త్రీలకు మరల ప్రయోగశాలలో అడుగు పెట్టు నవకాశము దానివలన కలిగినది. 2009లో మహిళా విశ్వవిద్యాలయములకు పరికరములు సమకూర్చుటకు ‘క్యూరీ’ అను పథకము వచ్చినది. తిరుపతిలో 1983లో వెలసిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము దానివలన బాగుపడినది. 2020లో ‘గతి’ యను మఱియొక ప్రణాళికను ప్రకటించి, తొలుత 30 సంస్థలను ఎన్నుకొనిరి. ఆ సంస్థలు తమ స్థితిని తామే పరీక్షించుకొని దిద్దుకొనవలెనట. వీనిలో దేనిని గూర్చియు మేము తేలికగా మాటలాడము. అయితే మొదటిదాని గడువు మూడేండ్లు. ఆ తరువాత ఆశ్రయమిచ్చిన సంస్థకు ఆమెపట్ల బాధ్యత లేదు. రెండవది మహిళా విద్యాసంస్థలకే గనుక 2008లో మహబూబునగరమున నెలకొన్న పాలమూరు విశ్వవిద్యాలయము వంటివానికి చేరదు. మూడవది ఇంకను పరీక్షాదశలోనిదే.

మా లెక్కలో వీనికంటె నెక్కువ మేలు చేసినది ఒక చిన్న నియమము. పిహెచ్.డి. చేయు స్త్రీకి గడువులో రెండేండ్ల సడలింపును, ప్రసూతికిని శిశుపోషణకును 240 దినముల వరకు సెలవును విశ్వవిద్యాలయ గ్రాంట్సు సంఘమువారు 2016 నిబంధనలలో చేర్చిరి. దీనికై ఖజానానుండి పెద్ద మొత్తము వెడలలేదు, శంకుస్థాపనయు జరుగలేదు. కాని వనపర్తిలోని స్త్రీకిని ఢిల్లీలోని స్త్రీకిని అది యొక్కతీరుననే అందును.

ఇక అంకెలు. 2021-22 అఖిలభారత ఉన్నత విద్యా సర్వే ప్రకారము సైన్సు చదువులలో చేరిన 57 లక్షలమందిలో బాలికలే అధికులు. సుమారు 30 లక్షలు. కావున ఆడుపిల్లలకు గణితము రాదు, రసాయనము రాదు అను పాతపాట కట్టిపెట్టవచ్చును. అయినను దేశములోని దాదాపు నూఱు విశ్వవిద్యాలయములను, పరిశోధనాసంస్థలను పరిశీలించిన ‘బయాస్ వాచ్ ఇండియా’ వారికి శాస్త్ర, సాంకేతికాధ్యాపకులలో స్త్రీలు సుమారు 17 శాతమే కనబడిరి. తరగతిలో సగమునకు మించినవారు బల్లకు ఆవలివైపున ఆఱవవంతుగా తగ్గిపోవుచున్నారు. ఎక్కడనో గండి పడినది.

గండి యింటిలోనే పడినదని చెప్పుట పురుషులకు సుకరము. పెండ్లి, పిల్లలు, అత్తవారు అని వేళ్లు మడచి చూపుదురు. 2010లో భారతీయ విజ్ఞాన అకాడమీ, బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థ కలిసి, ఐదువందలకు మించిన శాస్త్రజ్ఞులను ప్రశ్నించి ఒక నివేదికను వెలువరించినవి. 2024లో దివంగతురాలైన భౌతికశాస్త్రవేత్త రోహిణీ గోడ్బోలే ఆ నివేదికా రచయితలలో నొకరు. డాక్టరేటు పొందియు పరిశోధన విడిచిన స్త్రీలలో పెక్కుమంది తగిన ఉద్యోగము దొరకకపోవుటనే ప్రధాన కారణముగా చెప్పిరని అందు తేలినది. ఇల్లు అడ్డము కాదని మేమనము. ఉద్యోగమే లేనిచోట ఇంటిని నిందించుట సత్యము కాదని మాత్రమే మా మనవి.

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు జిల్లాలు 2016లో మహబూబునగరమునుండి విడివడినవి. ఇచట విజ్ఞానశాస్త్ర బోధన కొఱవడలేదు. గద్వాల, వనపర్తి, కొల్లాపురములలో పాలమూరు విశ్వవిద్యాలయపు పి.జి. సెంటర్లున్నవి. పాలెములో వ్యవసాయ కళాశాల, పెబ్బేరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉన్నవి. పండితులను పోషించి విద్వద్గద్వాల అని పేరొందిన సంస్థానమును 1924 మొదలు విలీనము వఱకు ఏలినది ఒక స్త్రీయే. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరనే నేటికిని గద్వాలలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడచుచున్నది. అట్టి జిల్లాయే 2011 జనాభా లెక్కలను కొత్త హద్దులకు సరిపెట్టి చూచినచో అక్షరాస్యతలో తెలంగాణమున అట్టడుగున, ఏబది శాతమునకు లోబడి నిలిచినది.

గద్వాల ప్రాంతము సీడు పత్తికి ప్రసిద్ధి. మా పాఠకులలో ఆ పంట వేయువారు లేకపోలేదు. సాయంకాలము మొగ్గనుండి కేసరములను గిల్లివేసి, మఱునాటి యుదయమున మగపూవు పుప్పొడిని దానికి అంటించుటను ఇచట క్రాసింగు అందురు. వృక్షశాస్త్ర పాఠ్యగ్రంథములలో సంకరణము పేర వ్రాసియున్నది ఆ పనియే. దానిని వేలకొలది పూవులకు తప్పులేక చేసినవి చాలకాలము బాలికల చేతులే. 2000 సంవత్సర ప్రాంతమున పరిశోధకులు వచ్చి చూచి, బడి మాన్పించి ఆ చేలలో పనిచేయించిన బాలికలను గూర్చి వ్రాసిన వ్రాతలు దేశదేశములకు పోయినవి. వృక్షశాస్త్రపు కుర్చీకి మనవైపు స్త్రీలు చాలినంతమంది రారేమి అని యడుగువారు ఆ చేలగట్టుపై ఒక పూట నిలువవలెను. ఆ చేలు ఎవరివో, కూలి యెవరిచ్చిరో మనకు తెలియనిది కాదు.

ఆ గండ్లన్నిటిని దాటి వచ్చిన స్త్రీ గతి యెట్లున్నది? ఇటీవల ఈ సీమలోని యొక విద్యాలయమున రసాయనశాస్త్రము బోధించు నొక విదుషితో సంభాషించితిమి. డాక్టరేటు ఉన్నది. పదేండ్లకు పైగా బోధన. అంతయు కాంట్రాక్టు. కాన్పునకై సెలవుపై పోయిన యేడు ఆమె తరగతులు మఱియొకరికి పోయినవి. తిరిగివచ్చి క్రొత్తగా చేరినట్లు చేరినది. స్త్రీల పథకములను గూర్చి అడుగగా, “అవి మంచివే సార్. నా పేరు ఏ లెక్కల వస్తదో మీరే చెప్పండి” అన్నది. మాకు జవాబు తోచలేదు. ఆమె ఉద్యోగము మానలేదు గనుక పునఃప్రవేశ పథకములు ఆమె నుద్దేశించినవి కావు. శాశ్వతోద్యోగి కాదు గనుక పదోన్నతి పట్టికలలో ఆమె లేదు. 2014 తరువాత దశాబ్దమునకు పైగా తెలంగాణపు రాష్ట్ర విశ్వవిద్యాలయములలో శాశ్వతాధ్యాపక నియామకములు పెద్దయెత్తున జరుగలేదు. నియామకములకై ఉమ్మడి బోర్డు నేర్పరచు బిల్లు 2022లో శాసనసభ దాటియు, గవర్నరు దానిని రాష్ట్రపతికి పంపగా నిలిచిపోయినది. మెట్లే లేని నిచ్చెనకు స్త్రీలు ఎట్లు ఎక్కుచున్నారో కొలుచుటకు ప్రణాళికలు వేయుచున్నాము.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో నాన్సీ హాప్కిన్సు అను జీవశాస్త్రవేత్త 1990లలో టేపు చేతబట్టి ప్రయోగశాలల గదులను కొలిచినది. పురుషులకు ఎన్ని అడుగులు, స్త్రీలకు ఎన్ని అడుగులు అని. 1999 నివేదికలో ఆ సంస్థవారే తమ తప్పు నొప్పుకొనిరి. 1994లో అచటి సైన్సు అధ్యాపకులలో స్త్రీలు 8 శాతమే. 2011లో మరల లెక్కించి చూడగా సంఖ్య దాదాపు రెట్టింపు. ఇంగ్లండులో మార్గము వేఱు. అచట 2005లో ‘అథీనా స్వాన్’ అను పేర విశ్వవిద్యాలయములకు కంచు, వెండి, బంగారు బిరుదుల నిచ్చుట ఆరంభించి, 2011లో వైద్యపరిశోధన నిధులను వెండి బిరుదుతో ముడిపెట్టిరి. వెంటనే విభాగములు మేల్కొనినవి, కాగితముల దొంతరలు పెరిగినవి. ఆ దొంతరలు మోయు పని తఱచుగా స్త్రీలమీదనే పడినది! 2020లో నిధుల ముడిని విప్పి, కాగితపు భారమును తగ్గింపవలెననిరి. మన ‘గతి’ కి మాతృక ఈ పద్ధతియే. దాని మంచితోపాటు దాని దొంతరలు కూడ వచ్చునేమోయని మా భయము.

స్త్రీలను పైకి తెచ్చినచో యోగ్యత తగ్గునని జంకువారికి 1933 నాటి ముచ్చట యొకటి. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో చేర వచ్చిన కమలా భాగవతును, స్త్రీ యను కారణమున, సి.వి. రామను త్రోసిపుచ్చెను. ఆమె గాంధీజీ నేర్పిన సత్యాగ్రహమునే అచట ప్రయోగించి, షరతులతో ప్రవేశము పొందినది. 1939లో కేంబ్రిడ్జి డాక్టరేటుతో వచ్చినది. కమలా సోహోనీ యని మనము ఎఱిగినది ఆమెనే. రామనంతటివాని తూనికయే తప్పినపుడు మన ఎంపిక సంఘముల తూనికను పరీక్షింపరాదా?

పథకముల పరీక్ష చివరి మడినుండి మొదలు కావలెనని మా కోరిక. పాలమూరు విశ్వవిద్యాలయపు మూడు పి.జి. సెంటర్లలో సైన్సు బోధించు స్త్రీలెందరు, వారిలో శాశ్వతోద్యోగులెందరు, ఐదేండ్ల క్రిందట ఉన్నవారిలో నేటికిని ఉన్నవారెందరు, కాన్పు సెలవునుండి వచ్చినవారికి తమ తరగతులు తిరిగి దొరకినవా, ప్రయోగశాల తాళపుచెవి యెవరి చేతిలో నున్నది, ఎంపిక సంఘమున స్త్రీ యెవరైన కూర్చున్నదా అను పట్టికను ఏటేట ప్రకటింపవలెను. పాలెము, పెబ్బేరు కళాశాలలవారును అట్లే చేయవలెను. దీనికి క్రొత్త నిధి యక్కరలేదు. హాజరుపట్టికలు ఎట్లును ఉన్నవి గనుక ఒక గుమాస్తాకు రెండు దినముల పని.